సందులో మొదటి టమాటా

బుధవారం మధ్యాహ్నం పావుగంట కురిసిన వడగళ్ళకు స్టావ్రూలా పెరట్లో టమాటా మొక్కలన్నీ నేలకరిచాయి. సోమవారం స్వెటరు వేసుకుని, మంగళవారం ఉక్కపోతకు అల్లాడి, బుధవారం ఐసు గడ్డలు ఏరుకోవడం మెల్‌బోర్న్‌లో ఎండాకాలమైన డిసెంబరులో వింతేమీ కాదు. ఆవిడ కడుపు మండింది వేరే సంగతికి. గోడ అవతల రొక్కో మొక్కలకు ఒక్క ఆకు కూడా చిరగలేదు. ఆకాశం రంగు చూసి, పది నిమిషాల ముందే వాటిమీద పాత దుప్పట్లు కప్పేశాడతను.

"ఒక్క మాట చెప్పకూడదూ?" అని గోడ మీంచి అరిచింది.

"ఆకాశం నీ పెరటి మీద కూడా ఉందిగా, స్టావ్రూలా!"

బ్రన్స్‌విక్‌లోని ఆ వీధిలో క్రిస్మస్ ముందు మొదటి టమాటా ఎవరింట పండితే ఆ ఏడాది వాళ్ళది. పండును పళ్ళెంలో పెట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. తలా కాగితమంత పల్చటి ముక్క, ముక్కతో పాటు ఉపన్యాసం. ఆరేళ్ళుగా ఆ పళ్ళెం రొక్కో చేతిలోనే ఉంది. ట్రాము నడిపి రిటైరైన మనిషి. మాట్లాడటం మొదలుపెడితే మాత్రం ఎక్కడా స్టాపు ఉండదు. ఇటలీలోని కలాబ్రియా నుంచి వాళ్ళమ్మ కోటు అంచులో కుట్టుకొచ్చిన విత్తనాలట. అడిగిన వాళ్ళకు ఒక్క నారైనా ఇచ్చిన పాపాన పోలేదు.

ఏడో ఉపన్యాసం వినే ఓపిక స్టావ్రూలాకు లేదు. శనివారం పొద్దున్నే మూలమీద నహ్లా కూరగాయల కొట్టుకు వెళ్ళి, బుట్టంతా కెలికి, రొక్కో కాయల్లాగే పొడుగ్గా ఉన్న ఎర్రటి పండు ఒకటి ఏరుకుంది.

"ఒక్కటేనా అక్కా?" అంది నహ్లా.

"ఒక్కటి చాలు. ఒంటిదాన్ని."

మధ్యాహ్నం రొక్కో కునుకు తీసే వేళ చూసుకుని, ఇళ్ళ వెనక నల్లరాళ్ళ సందులోకి పాలసీసాల ప్లాస్టిక్ పెట్టె మోసుకెళ్ళింది. డెబ్భై నాలుగేళ్ళ మోకాళ్ళు రెండూ కలిసి ఒద్దన్నా, పెట్టె ఎక్కింది. గోడ మీంచి చెయ్యి చాపి, అన్నీ పచ్చికాయలే ఉన్న గుత్తిలో ఆ ఎర్రపండును ఆకుపచ్చ దారంతో కట్టింది. రేపు రొక్కో వీధినంతా పోగేస్తాడు. అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నప్పుడు తను మెల్లగా ఆకు పక్కకు తొలగించి దారం చూపిస్తుంది. అది తలుచుకుని ఆ రాత్రి రెండుసార్లు మంచంమీదే నవ్వుకుంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఉత్తరపు గాలి పొయ్యిలోంచి వీచినట్టుంది. నలభై రెండు డిగ్రీలు. ఆవిడ బూట్లయినా విప్పకముందే తలుపు దబదబా కొట్టారు. రొక్కో. వెనక సగం వీధి.

"కంగ్రాచ్యులేషన్స్ స్టావ్రూలా! ఆరేళ్ళ తరవాత నన్ను ఓడించావు."

"నేనా?"

"చూశారా, ఎంత వినయమో! రండి, పెరట్లోకి రండి."

తన ఇంట్లో తనే అతిథిలా వాళ్ళ వెనక నడిచింది. వడగళ్ళకు నడుం విరిగిన మొక్కకు కర్ర ఆనించి ఉంది. ఆ మొక్కకు ఎర్రగా వేలాడుతోంది నహ్లా కొట్టు టమాటా. కట్టింది కూడా తన ఆకుపచ్చ దారంతోనే. అందరూ చప్పట్లు కొట్టారు.

రొక్కో వంగి చెవిలో అన్నాడు. "అది సాక్సుల ఫ్యాక్టరీ ముడి. నీతో పాటు అక్కడ పనిచేసిన మా ఆవిడ ఇమ్మకొలాతా కూడా అలాగే వేసేది. ఆ ముడి నాకు తెలీదనుకున్నావా?"

నలభై మందిలో ఇరుక్కుపోయింది స్టావ్రూలా. నిజం చెబితే గోడెక్కిన సంగతి చెప్పాలి. చెప్పకపోతే పళ్ళెం పట్టుకోవాలి. పళ్ళెమే పట్టుకుంది.

రొక్కో పక్కనే నడిచాడు, పెళ్ళికొడుకు తరపు పెద్దలా. ప్రతి గుమ్మం దగ్గరా, "విత్తనం ఎక్కడిదో చెప్పమ్మా, వాళ్ళకు వినాలనుంది" అనేవాడు. మొదటి ఇంటి దగ్గర విత్తనం గ్రీసులోని కలమాట నుంచి వచ్చింది. మూడో ఇంటి దగ్గర వాళ్ళ అమ్మమ్మ దాచిపెట్టింది. ఐదో ఇంటికి వచ్చేసరికి యుద్ధంలో సైనికుల కంటపడకుండా గాడిద జీను కింద దాటించారు. కొత్తగా అద్దెకు దిగిన గడ్డం కుర్రాడు జాస్పర్ కళ్ళు మూసుకుని ముక్క చప్పరించాడు.

"అబ్బ! ఆ కొండగాలి రుచి తెలుస్తోందండీ. కొట్లో కొనేవాటికి ఈ రుచి ఏదీ?"

రొక్కో దగ్గుతున్నట్టు మొహం పక్కకు తిప్పుకున్నాడు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

చివరికి నహ్లా కొట్టు ముందు ఆపాడు, కావాలనే. నహ్లా పళ్ళెంలో మిగిలిన సగం పండును చూసింది, స్టావ్రూలాను చూసింది, మళ్ళీ పండును చూసింది.

"ముప్ఫై ఏళ్ళుగా టమాటాలు అమ్ముతున్నా అక్కా. ఇలాంటిది ఒక్కటంటే ఒక్కటే చూశాను," అని ఆగింది. "నిన్న పొద్దున."

జనం ఏమిటేమిటని దగ్గరికి జరిగారు. రొక్కో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. స్టావ్రూలా చెవులు ఎండకంటే ఎక్కువ కాలుతున్నాయి. గుక్క తిప్పుకుని పళ్ళెం కింద పెట్టింది.

"ఇంక దాచి లాభం లేదు. నిజం చెప్పేస్తా. ఈ మొక్క నాది కాదు. వడగళ్ళకు నావన్నీ పోయి ఏడుస్తుంటే, రొక్కో తన మొక్క ఒకటి తవ్వి గోడ మీంచి అందించాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. అంత మంచి మనసు."

"రొక్కోనా?" అన్నారు నలుగురైదుగురు ఒక్కసారే.

"అతనే. నిన్న మిగతా నారు కూడా అందరికీ పంచుతానన్నాడు. సిగ్గుతో చెప్పలేకపోతున్నాడు పాపం."

రొక్కో నోరు తెరిచాడు. మాట రాలేదు. అలా రాకపోవడం ఆ వీధి ఎన్నడూ చూడలేదు. నహ్లా అప్పటికే అతని చేతులు పట్టుకుని, "అన్నా, నాకు నాలుగు చాలు" అంటోంది. జాస్పర్ కళ్ళు తుడుచుకుంటున్నాడు.

అంతలో గాలి దక్షిణం వైపు నుంచి తిరిగింది. వీధి చివర నుంచి దుమ్మూ, ఎవరిదో టోపీ, ఆ వెనకే చల్లదనం. పది నిమిషాల్లో ఇరవై డిగ్రీలు పడిపోయింది. జనం దండేల మీది బట్టల కోసం ఇళ్ళకు పరుగెత్తారు. కొట్టు ముందు మిగిలింది వాళ్ళిద్దరే.

"ముప్ఫై ఏళ్ళు కాపాడుకున్నానే ఆ విత్తనం!" అన్నాడు రొక్కో.

"రేపు పొద్దున తొమ్మిదింటికి రమ్మన్నా అందరినీ."

అతను గుర్రుగా చూశాడు. తరవాత పొట్ట పట్టుకుని నవ్వాడు. గాడిద జీను అంటూ మళ్ళీ నవ్వాడు. భర్త పోయాక తనతో ఇంత కష్టపడి తగువాడిన మనిషి ఇంకొకరు లేరని స్టావ్రూలాకు అప్పుడు తట్టింది. ఆ మాట మాత్రం పైకి అనలేదు. రాత్రికి పప్పు సూపు ఉంది, కావాలంటే రమ్మంది.

సోమవారం రొక్కో పళ్ళు నూరుకుంటూనే పెరుగు డబ్బాల్లో నారు పంచాడు, డబ్బాకో ఉపన్యాసం చొప్పున.

క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు అతని కాయలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. వీధిలో ఎవరింటా పండలేదనుకుంటూ ఇద్దరూ జాస్పర్ గుమ్మం ముందు నుంచి నడుస్తున్నారు. అక్కడ ఎవరో పారేసిన పాత స్నానపు తొట్టిలో, రొక్కో పంచిన నారు కాక, ముందునుంచే పెరుగుతున్న టమాటా మొక్క ఒకటి ఉంది. ఒక గుత్తికి ఒక తొడిమ ఖాళీగా ఉంది.

"అదా? పోయిన వారమే పండిందండీ," అన్నాడు జాస్పర్ సైకిలు తుడుస్తూ. "బ్రెడ్డులో పెట్టుకుని తినేశాను. ఏం, చెప్పాలా?"

"ఎవరికీ చూపించకుండానా!" అన్నాడు రొక్కో గుండె మీద చెయ్యి వేసుకుని.

"ఉప్పయినా వేసుకున్నావా?" అంది స్టావ్రూలా.

"లేదండీ."

రొక్కో ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. "పద, స్టావ్రూలా. ఇక్కడ నిలబడితే నేనేమైనా అనేస్తాను."