పక్క పలక

1964 జనవరి 18, శనివారం. ఆ మధ్యాహ్నం తారాబాయి టీచర్ కోటగిరి నుంచి కట్టుకొచ్చిన జొన్నరొట్టెలు, పుంటికూర తిన్నాం. నా భార్య పోయాక నేను మెత్తటి రొట్టె తినడం అదే మొదలు. నా చేతి రొట్టె అంచులు పెంకుల్లా ఉంటాయని తారాబాయికి ఎవరు చెప్పారో గాని, నేను అడగకుండానే ఇంకోటి నా ముందు పెట్టింది.

బోధన్ చుట్టుపక్కల మిడిల్ స్కూళ్లలో లెక్కలు చెప్పేవాళ్లం అయిదుగురం నెలకో శనివారం ఒక్కో బడిలో కలిసేవాళ్లం. ఒకరు పాఠం చెప్పాలి. మిగతావాళ్లు పిల్లల మధ్య గోనెపట్టాల మీద కూర్చుని, తలా ఒక పిల్లనో పిల్లవాణ్ణో గమనించాలి. ఏం రాశారు, ఏం చెరిపారు, ఎక్కడ ఆగిపోయారు. పాఠం అయ్యాక చూసింది చూసినట్టు చెప్పాలి. బాగుందనీ బాగాలేదనీ అనకూడదు. పాఠం చెప్పినవారు అందరికంటే చివర మాట్లాడాలి. మా హెడ్మాస్టర్ రాజేశ్వర్ గారు పెట్టిన పద్ధతి అది.

ఆ నెల మా బడి వంతు. పాఠం దేవిదాస్ సారుది. ఆయన దగ్గర చదివిన పిల్లలు ఫెయిలవడం ఎవరూ ఎరగరు. ఏ బడికి వెళ్లినా తన డస్టర్ తాను వెంట తెచ్చుకునేవాడు. టేకు చెక్క, మూలలు పదును.

"సార్, గిది పిల్లలకా, బోర్డుకా?" అన్నాడు చంద్రయ్య సార్ నవ్వుతూ.

"రెండిట్ల ఏది మురికిగుంటే దానికి" అన్నాడు దేవిదాస్.

ఆరో తరగతి, భిన్నాల పాఠం. ఒకటి బటా రెండు, ఒకటి బటా నాలుగు, కలిపితే ఎంత? ప్రశ్న బోర్డు మీద రాసి, పలకలు చూస్తూ ఆ చివరి నుంచి బయలుదేరాడు. నా వంతుకు వచ్చిన పిల్ల గంగమణి. బడి గోడ పక్కన చెరుకు కొట్టే ఎర్రన్న కూతురు. ఆమె పక్కన ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఊరి పెద్ద పటేల్ కొడుకు. వాణ్ణి తారాబాయి గమనిస్తోంది.

గంగమణి బలపం తడిపి చకచకా మూడు బటా నాలుగు అని వేసింది. సరిగ్గా అప్పుడే ఆ చివర మొదటి దెబ్బ పడింది. తర్వాత ఇంకొకటి. ఒక పిల్లవాడు చెయ్యి ఒళ్లో దాచుకుని గిలగిలలాడాడు. దేవిదాస్ వాడి జుట్టు పట్టి లేపి, తల గోడకు కొట్టాడు. మేం పెద్దవాళ్లం నలుగురం కూర్చునే ఉన్నాం. పాఠం మధ్యలో నోరు విప్పకూడదన్నది కూడా మా పద్ధతే.

గంగమణి పక్క పలక చూసింది. పటేల్ కొడుకు పైవి పైకి, కిందివి కిందికి కలిపి రెండు బటా ఆరు అని వేసుకున్నాడు. ఆమె అరచేతికి ఉమ్మి రాసుకుని తన మూడు బటా నాలుగు చెరిపేసింది. రెండు బటా ఆరు వేసింది.

దేవిదాస్ పటేల్ కొడుకు పలక చూశాడు. "మళ్ల సూసుకో" అని వాడి భుజం తట్టి ఇవతలికి జరిగాడు. గంగమణి పలక చూశాడు.

"ఏమే! అర, పావు కలిస్తే అరకంటే తక్కువైతదా? చెయ్యి సాపు."

పిల్ల కుడి చెయ్యి చాపింది. డస్టర్ మూల వేళ్ల కణుపుల మీద పడింది. ఒకసారి కాదు. చర్మం చిట్లి నెత్తురు పలక మీదికి చిమ్మింది. పలక కింద పడి మూల విరిగింది. నేను లేచి ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"గిది పాఠం సార్, నడుమ రావద్దు" అన్నాడు ఆయన.

అప్పటికే ఎవరో పిల్లలు కిటికీ దూకి చెరుకు తోటలోకి పరుగెత్తారు. వాళ్ల వెనకే ఎర్రన్న లోపలికి వచ్చాడు. చేతిలో చెరుకు కత్తి. వాడి కాళ్లకు చెరుకు ఆకు కోసిన గీతలు, ముఖం నిండా చెరుకు ఆకు కాల్చిన బూడిద. కూతురి చెయ్యి చూశాడు. ఎవరని అడగలేదు. డస్టర్ ఎవరి చేతిలో ఉందో చూసుకుని కత్తి ఎత్తాడు.

దేవిదాస్ చెయ్యి అడ్డం పెట్టకపోతే అది మెడకే. ముంజేయి ఎముక దాకా తెగింది. తెల్ల ధోవతి మీద నెత్తురు కుండ ఒలికినట్టు పడింది. ఎర్రన్న రెండోసారి ఎత్తేలోగా చంద్రయ్య వెనక నుంచి మీద పడ్డాడు. కత్తి జారింది. ఆ తర్వాత మా వాళ్లు ఆగలేదు. చంద్రయ్య ముక్కోణం చెక్కతో ముఖం మీద కొట్టాడు. రాజేశ్వర్ గారు, అంత పెద్దమనిషి, బోర్డు మీద వృత్తాలు గీసే చెక్క కంపాస్ తీసుకుని దాని ముల్లున్న కాలుతో ఎర్రన్న వీపున పొడిచారు. మా చేతుల్లో ఉన్నవన్నీ లెక్కల సామానే. నేను గంగమణి ముఖాన్ని నా పొట్టకు ఒత్తుకున్నాను. తండ్రి మీద దెబ్బ పడ్డ ప్రతిసారీ ఆమె ఒళ్లు అదిరిపడేది.

తారాబాయి కొత్త చీర కొంగు చింపి దేవిదాస్ చెయ్యి బిగించి కట్టింది. కొట్టి కొట్టి అలిసి మావాళ్లు పక్కకు జరిగాక, మా అటెండరు లింబయ్య తన తలరుమాలు విప్పి మడిచి ఎర్రన్న తల కింద పెట్టాడు. ఎవరూ చెప్పలేదు. ఎవరూ వద్దనలేదు.

కబురందుకుని బోధన్ నుంచి పోలీసు జమాదార్, వెంట ఒక జవాను వచ్చేసరికి ఎర్రన్నను వరండా స్తంభానికి కట్టేసి ఉన్నారు. దేవిదాస్ కోసం పిలిపించిన ఎడ్లబండి ఇంకా రాలేదు. జమాదార్ వస్తూనే బూటుకాలితో వాడి డొక్కలో తన్నాడు.

"సార్లను నరుకుతవ్ రా? పదేండ్లు ఎక్కడికి పోవు."

వాడి భార్య రేణుకమ్మ మెట్ల మీద కూర్చుని ఆ మాట విన్నది. వాడు జైలుకు పోతే ఆ ఇంటికి సంపాదించే చెయ్యి ఆమెదీ, ఆ పిల్లదీ.

రాజేశ్వర్ గారు మమ్మల్ని లోపలికి పిలిచారు. "ఎర్రన్న తాగి వచ్చిండు, ఊరికెనే నరికిండు. అందరం గదే మాట. పిల్ల సంగతి ఎత్తొద్దు, బడి బద్నామైతది."

నేనన్నాను, "సార్, పాఠం అయింది. చూసింది చెప్పాలె గద, మీరు పెట్టిన పద్ధతే."

"గిప్పుడా?"

"ఇంకెప్పుడు సార్?"

జమాదార్ గుమ్మంలో నిలబడి వింటున్నాడు. అయినా చెప్పాను. పిల్ల ముందు మూడు బటా నాలుగు రాసిందనీ, ఆ చివర దెబ్బలు చూసి, పక్క పలక చూసి చెరిపేసిందనీ. నేను ఆగగానే తారాబాయి అందుకుంది.

"నేను పటేల్ కొడుకు పలక చూసిన. దాని మీద గూడ రెండు బటా ఆరే. సార్ వాణ్ణి కొట్టలె. వాణ్ణి ఏ సారూ కొట్టరని పిల్లలందరికీ ఎరుకే. వాని తీరు రాస్తే తనకూ దెబ్బ పడదని గంగమణి అనుకున్నది."

చంద్రయ్య తల దించుకుని ముక్కోణం చెక్క మీది నెత్తురు తుడుస్తూ ఉండిపోయాడు. రాజేశ్వర్ గారి ముఖం ఎర్రబడింది. ఇక మిగిలింది దేవిదాస్. కుర్చీలో వెనక్కి వాలి, పాలిపోయి ఉన్నాడు.

"ముందు మూడు బటా నాలుగు వేసిందా?" అని నన్ను అడిగాడు.

"వేసింది సార్. అప్పుడు మీరు ఆ చివర పిలగాణ్ణి కొడుతున్నరు."

ఆయన కళ్లు మూసుకున్నాడు. చినిగిన కొంగులోంచి నెత్తురు ఇంకా బొట్లు బొట్లుగా కారుతోంది.

"జమాదార్ సాబ్, కేసు వద్దు. కత్తికి నేనే అడ్డం పోయిన."

జమాదార్ నవ్వాడు. "మస్తు అడ్డం పోయిండ్రు సార్. ఎంత తెగింది? అరనా, పావా?"

"నా చెయ్యి, నా లెక్క. వాణ్ణి ఇడిసిపెట్టుండ్రి. కాని వాడు నా కంటికి కనపడొద్దు. కనపడితే నేను మంచోణ్ణి కాను."

వచ్చిన పని చెడిందన్న కోపంతో జమాదార్ పోతూ పోతూ ఎర్రన్న చెంపలు రెండూ వాయించాడు. లింబయ్య తాళ్లు విప్పాడు. దేవిదాస్‌ను ఎడ్లబండిలో బోధన్ దవాఖానకు పంపాం. బండి ఎక్కే ముందు ఆయన డస్టర్ కోసం వెతుక్కోలేదు.

పొద్దు గూకాక పసుపు, పాత ధోవతి గుడ్డ, మూల విరిగిన పలక తీసుకుని ఎర్రన్న ఇంటికి వెళ్లాను. వాడు మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు. వీపు మీద కంపాస్ ముల్లు దిగిన చోట రేణుకమ్మ వేపాకు ముద్ద పెడుతోంది. గంగమణి కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుంది. వేళ్లు వంకాయల్లా ఉబ్బాయి.

"ఎందుకొచ్చిండ్రు సారూ?" అన్నాడు ఎర్రన్న తల ఎత్తకుండా. "సదువు సూసినం. సాలు. చెయ్యి తగ్గినంక నా ఎంట సెరుకు కొట్ట వస్తది."

పిల్ల చేతికి పసుపు రాసి గుడ్డ చుట్టాను. ఆమె ఎడమ చెయ్యి చాపి పలక విరిగిన మూల తడిమి చూసింది.

"సారూ, గిది అతుకుతదా?"

"అతకదు బిడ్డా. కాని రాయొస్తది."

గడప దాటి వచ్చేశాను. రేణుకమ్మ వెనకే గడప దాకా వచ్చింది. చేతిలో పలక ఉంది. మొగుడి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"సోమారం పొద్దుగాల మీరే వచ్చి తోల్కపోవాలె సారూ. ఒక్కతే రాదు. ఆయనకు నేను జెప్పుకుంట."

"వస్త అమ్మా."

"పటేల్ పిలగాని పక్కన కూసోబెట్టొద్దు."

నేను తలూపాను. ఆమె పలకను చంకలో పెట్టుకుని లోపలికి జరిగి, మొగుడికి వినబడకుండా తలుపు వేసింది. లోపల గడియ మెల్లగా పడింది.