పచ్చిక కింద చప్పుడు

నీళ్ళ శాఖలో ఆయన్ని అందరూ చెవులాయన అంటారు. పనే అది మరి. తెల్లవారుజామున, బండ్లు రోడ్డెక్కకముందే, నిలువెత్తు ఇనపకడ్డీని నేలకు ఆనించి, పైకొన చెవికి పెట్టుకుని, భూమిలో పైపు ఎక్కడ కారుతోందో విని చెబుతాడు. ఊళ్ళో ఎవరు ఏ స్తంభం పాతాలన్నా ముందు ఆయన వచ్చి సుద్దతో గుర్తు పెట్టాల్సిందే. అడ్డగీతలు గీశాడంటే కింద పైపుంది, జోలికి పోవద్దని. గుండ్రం చుట్టాడంటే నిక్షేపంగా తవ్వుకోమని. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క గుర్తూ తప్పలేదు. ఆ సంగతి తనంతట తాను చెప్పుకోడు గానీ, ఎవరైనా అంటే మాత్రం కాదనడు.

అంతటివాడి మాట పద్నాలుగు నెలలుగా చెవిటివాడి ముందు శంఖమైంది.

కారుతున్నది ఎక్కడో మారుమూల కాదు, సాక్షాత్తూ నీళ్ళ శాఖ ఆఫీసు గేటు లోపల, పచ్చిక కింద. ఎగువ వీధికి నీళ్ళు మోసే పెద్ద పైపది. ఎగువ వీధి చివరింట్లో ఆయన అక్క ఒక్కతే ఉంటుంది. ఏడాదిగా ఆమె కుళాయి తిప్పితే గాలే తప్ప చుక్క రాలేదు. రోజూ డెబ్భై మెట్లు దిగి, కింద వీధిలో నీళ్ళు పట్టుకుని, మళ్ళీ డెబ్భై ఎక్కాలి. పోయిన వారం నిండు బకెట్‌తో జారిపడి కుడి ముంజేయి విరగ్గొట్టుకుంది. ఇప్పుడు ఎడమ చేత్తో అరబకెట్ మోస్తోంది.

పైపు బాగుచెయ్యమని చెవులాయన ఏడోసారి కాగితం పట్టుకుని ఇంజనీరు గదికి వెళ్ళాడు.

"పోటీ అయ్యేదాకా ఆగమన్నానా?" అన్నాడు ఇంజనీరు తల ఎత్తకుండానే.

నగరాల మధ్య నీళ్ళ పొదుపు పోటీ అది. 'కుళాయి వృథాగా వదలను' అని ఏ ఊళ్ళో ఎక్కువమంది సంతకం పెడితే ఆ ఊరికి మార్కులు. ఆఫీసు ఆవరణ చూడ్డానికి న్యాయనిర్ణేతలు కూడా వస్తారు. ఇంజనీరు పంపిన దరఖాస్తులో మొదటి వాక్యం ఇదీ: మా పచ్చికకు ఏడాదిగా చుక్క నీళ్ళు పోయలేదు, అయినా నిగనిగలాడుతోంది.

"అది తాగుతున్నది ఎగువ వీధి నీళ్ళు సార్," అన్నాడు చెవులాయన.

"ఆ మాట నా దగ్గర అంటే అన్నావు, బయట అనకు. ఇప్పుడు తవ్వితే పచ్చిక ఏమవుతుందయ్యా?"

"మా అక్క చెయ్యి విరిగింది సార్."

"అయ్యో పాపం. విశ్రాంతి తీసుకోమను."

చెవులాయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. విశ్రాంతి తీసుకుంటే నీళ్ళు నడిచొస్తాయా? కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటపడ్డాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే కదా అని దారంతా గొణుక్కున్నాడు.

ఆ సాయంత్రం అక్క దగ్గరికి వెళితే, గుమ్మానికి పోటీవాళ్ళ స్టిక్కరు అంటించి ఉంది.

"నువ్వు కూడా సంతకం పెట్టావా?" అన్నాడు ఒళ్ళు మండి.

"కుడిచెయ్యి కట్టులో ఉందన్నా వినలేదురా. ఎడమ చేత్తో పెట్టించుకున్నారు. పళ్ళు తోముకునేటప్పుడు కుళాయి కట్టేయాలట." అక్క పకపకా నవ్వింది. "వస్తే కదరా కట్టేయడానికి."

ఆయనకు నవ్వు రాలేదు. కాళ్ళీడ్చుకుంటూ రెండుసార్లు మెట్లు దిగి, ఆమె డ్రమ్ము నింపి వెళ్ళాడు.

న్యాయనిర్ణేతలు రేపు వస్తారనగా ఇంజనీరు పొద్దున్నే కబురు పంపాడు. గేటు లోపల పోటీ బోర్డు నిలబెట్టాలి, రెండు స్తంభాలకు గుంతలు కావాలి. చూడండి చోద్యం. పైపు బాగుచెయ్యడానికి పద్నాలుగు నెలలు దొరకని అనుమతి, బోర్డు పాతడానికి అరగంటలో దొరికింది.

"పైపుకు దూరంగా చూసి గుర్తు పెట్టు. నీ చెవి మీద నాకు నమ్మకం," అన్నాడు ఇంజనీరు.

చెవులాయన పచ్చిక మీద కడ్డీ ఆనించి విన్నాడు. గేటు పక్కన నిశ్శబ్దం. అక్కడ ఒక గుండ్రం చుట్టాడు. నాలుగడుగులు జరిగాడు. కింద నీళ్ళు పొంగుతున్న చప్పుడు చెవిలో హోరెత్తింది. సుద్దముక్క పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ పేరు. వంగి, ఆ హోరు మీదే రెండో గుండ్రం చుట్టాడు.

తవ్వేవాళ్ళు ఆయన గుర్తు చూశాక ఇంకేం అడుగుతారు? మొదటి గుంత పొడిగానే ఉంది. రెండోదాంట్లో మూడడుగులు దిగేసరికి గడ్డపార బురదలో కూరుకుపోయింది. లాగగానే నీళ్ళు ఎగజిమ్మి గేటు బయట రోడ్డు దాకా పారాయి. దారినపోయేవాళ్ళు ఆగి ఫోన్లలో ఫొటోలు తీశారు. ఇంజనీరు ముఖం పాలిపోయింది. ఇక దాచడానికేముంది? మనుషుల్ని పిలిపించి, మధ్యాహ్నం కల్లా పగిలిన ముక్క కోసి కొత్తది వేయించాడు.

తర్వాత చెవులాయన్ని గదిలోకి పిలిచి తెల్లకాగితం ముందుకు తోశాడు.

"కావాలని చేశావా, చెవి తప్పిందా? కావాలనైతే ఉద్యోగం పోతుంది. రాసివ్వు."

చెవులాయన నీళ్ళు నమల్లేదు. 'నా వినికిడి తగ్గినందువల్ల గుర్తు తప్పుగా పెట్టాను' అని రాసి సంతకం చేశాడు. ఆ ఒక్క వాక్యం రాయడానికి గుండె రాయి చేసుకోవాల్సొచ్చింది. ఇంజనీరు కడ్డీ తీసుకుని బీరువా పక్కన నిలబెట్టాడు. రేపట్నుంచి సామాన్ల గదిలో పని అన్నాడు.

గేటు దాటుతుంటే ఫోను మోగింది.

"తమ్ముడూ, నీళ్ళొచ్చాయిరా," అంది అక్క. "నువ్వేనా చేయించింది?"

"ఏదీ, వినిపించు."

ఆమె ఫోను కుళాయి దగ్గర పెట్టింది. ఆయన గోడ పక్కకు జరిగి, ఒక చెవి మూసుకుని, రెండో చెవికి ఫోను ఆనించి కళ్ళు మూసుకున్నాడు. బకెట్ అడుగున మొదట డబడబమన్న ధార చప్పుడు మెల్లమెల్లగా సన్నబడి, పైపైకి వస్తోంది. ఇంకా పైకి వచ్చింది.

"అక్కా, నిండింది," అన్నాడు. "కుళాయి కట్టెయ్యి."

అక్క కట్టేసింది.