పద్దెనిమిది పౌండ్ల అబద్ధం

నేను ఒక విల్లును. ఈ క్షణంలో బందరులోని ఒక విలువిద్య శిక్షణ కేంద్రం ఆఫీసు గదిలో, టేబుల్ మీద, సాక్ష్యంగా పడి ఉన్నాను. నా ఎదురుగా పదహారేళ్ళ ప్రవల్లిక నిలబడి ఉంది. ఆమె కుడి చెయ్యి మెడకు కట్టిన గుడ్డలో వేలాడుతోంది. ఇంకో పది నిమిషాల్లో రాష్ట్ర పోటీల జట్టులోంచి ఆ అమ్మాయి పేరు కొట్టేయబోతున్నారు.

ఆమె మీద మోపిన నేరం ఇది: డాక్టరమ్మ వద్దన్నా దొంగచాటుగా బరువు విల్లు లాగి భుజం పాడు చేసుకుంది, పైగా లాగలేదని అబద్ధమాడుతోంది.

నేరం జరిగిన మాట నిజమే. ఆయుధాన్ని నేనే. నేరస్థుడు కూడా ఈ గదిలోనే, ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. అంతా చూసిన ఒకే ఒక్క సాక్షిని నేను. నాకు నోరు లేదు.

కాబట్టి మీకే చెబుతాను. త్వరగా వినండి, టైము లేదు.

నాకో చెక్క పిడి, దానికి పైనొకటి కిందొకటి రెండు బద్దలు, మధ్యలో నారి. బద్దల కొసలు ముందుకు వంపు తిరిగి ఉంటాయి. నేను పుట్టిన షెడ్డులో కింది బద్ద మీద 28 అని అచ్చు కొట్టారు. నారిని గడ్డం దాకా లాగి నిలపాలంటే ఇరవై ఎనిమిది పౌండ్ల బలం కావాలని దాని అర్థం. మా జాతిలో ఆ అంకే జాతకం, ఆ అంకే ఆధార్ కార్డు.

నన్ను మొదట కొన్నది ఒక రొయ్యల చెరువుల ఆసామి. పొట్ట తగ్గాలని ఎవరో సలహా ఇస్తే, విల్లు పట్టడం మొదలుపెట్టాడు. మొదటిసారి పట్టేవాళ్ళు పద్దెనిమిదితో మొదలుపెట్టి, నిలబడటం, భుజం తిప్పడం, నారి వదలడం నేర్చుకోవాలని కొట్టువాడు చెప్పాడు. ఆసామికి అది అవమానంగా తోచింది. మగవాళ్ళకు పౌండ్లు మీసాల్లాంటివి, తక్కువైతే ఒప్పుకోరు. ఇంటికి తెచ్చి భార్య ముందు లాగబోయాడు. నేను సగం దాకా వచ్చాను. ఆయన మొహం ఎర్రబడింది. నాలో తయారీ లోపం ఉందని ఆ సాయంత్రమే తేల్చేశాడు.

ఏడాదిపాటు హాల్లో గోడ మీద వేలాడాక, నన్ను ఈ శిక్షణ కేంద్రానికి విరాళమిచ్చాడు. శాలువా కప్పారు, ఫొటో తీశారు. తను లాగలేని వస్తువును ఇచ్చేసి మనిషి దాత కావచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

ఇక్కడి కోచ్ పేరు కోదండపాణి. ఆయన అచ్చంగా చెడ్డవాడేమీ కాదు. పిల్లలకు జ్వరమొస్తే బండి మీద ఇంటికి దించుతాడు. కానీ ఆయనకొక సిద్ధాంతం ఉంది. సిద్ధాంతం ఉన్న మనిషి చేతిలో విల్లు పెట్టకూడదు. బరువనేది చేతికి కాదు, బుర్రకు తెలుస్తుందని ఆయన నమ్మకం. చేత్తో తేలిక విల్లు ముట్టుకోడు. ఆ కేంద్రంలో పద్దెనిమిది పౌండ్ల విల్లు ఒక్కటి కూడా లేదు. ఎవరైనా అడిగితే, సర్కస్ కంపెనీకి వెళ్ళమంటాడు.

ప్రవల్లిక ఆయన దగ్గర ఉన్నవాళ్ళలో ఉత్తమమైన పిల్ల. ఆరు నెలల్లో బరువు పెంచుకుంటూ పోయి, ఒకరోజు భుజం పట్టేసి కింద కూర్చుండిపోయింది. ఫిజియోథెరపీ డాక్టరమ్మ పరీక్ష చేసి తెగేసి చెప్పింది. మూడు నెలలు పద్దెనిమిది పౌండ్లు దాటకూడదు. బాణం ఎక్కడ గుచ్చుకుందో చూడొద్దు, ఒళ్ళు సరిగ్గా నిలుస్తోందో లేదో అదే చూసుకోవాలి. మాట వింటే రాష్ట్ర పోటీలకు భుజం దక్కుతుంది. వినకపోతే జీవితాంతం ఆ చేత్తో జడ కూడా వేసుకోలేదు.

అప్పుడు మొదలైంది వేట. ప్రవల్లిక తల్లి నాంచారమ్మ మార్కెట్లో చేపలు అమ్ముతుంది. బుట్ట దించడమే ఆలస్యం, కూతుర్ని వెంటేసుకుని తేలిక విల్లు కోసం ఊరంతా తిరిగింది. ఆటవస్తువుల కొట్టులో ప్లాస్టిక్ విల్లు చూపించారు, బాణం కొసకు రబ్బరు బుడిపె ఉన్నది. విజయవాడలో ఒక కొట్టువాడు విదేశీ విల్లు ధర చెబితే, నాంచారమ్మ పడవ అమ్ముతున్నావా అని అడిగి వచ్చేసింది. ఇక మిగిలింది పాత విల్లులు. బందరులో విల్లు పట్టిన ప్రతి ఇంటి తలుపూ తట్టారు. ఆ అటకల మీద కనీసం అరడజను తేలిక విల్లులు ఉండి ఉంటాయి. మొదట్లో అందరూ వాటి మీదే నేర్చుకుని ఉంటారు. ఒక్కరూ ఒప్పుకోలేదు. మా వాడు మొదటి రోజే ముప్పై లాగాడని ఒక తండ్రి, మా ఇంట్లో అలాంటివి ఉంచమని ఒక తల్లి. ఊరు ఊరంతా పుట్టడమే నడుచుకుంటూ పుట్టినట్టు మాట్లాడింది.

పోటీలు దగ్గర పడుతున్నాయి. కోదండపాణికి పతకం కావాలి. పద్దెనిమిది పౌండ్లతో మూడు నెలలు ఆడితే పిల్ల పిండిబొమ్మ అవుతుందని ఆయన భయం. ఒక మధ్యాహ్నం స్టోరు గది తలుపు వేసుకుని నన్ను ఒళ్ళో పెట్టుకున్నాడు. నా కింది బద్ద తుడిచాడు. 28 మీద ఒక తెల్ల స్టిక్కరు అంటించి, దాని మీద నల్ల పెన్నుతో 18 అని రాశాడు. తడి ఆరేదాకా ఊదాడు కూడా. మర్నాడు నాంచారమ్మను పిలిచి, ఎక్కడో వెతికి తెచ్చానని, ఊరికే వాడుకోమని ఇచ్చాడు. ఆమె రెండు చేతులూ జోడించింది. పండక్కి వంజరం చేప తెచ్చిస్తానంది. నా జన్మలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

నలభై రోజులు ఆ పిల్ల నన్ను లాగింది. ప్రతి పూటా ఆమె భుజం వణకడం నా పిడికి తెలిసేది. నొప్పి అని ఒక్కసారి అంది. పద్దెనిమిదికే నొప్పేంటని కోచ్ నవ్వాడు. ఆ రోజు నుంచి ఆమె నొప్పి గురించి నోరెత్తలేదు, తనే బలహీనురాలినని నమ్మేసింది. నలభై ఒకటో రోజు భుజంలో ఏదో పటుక్కుమంది. డాక్టరమ్మ ఉత్తరం రాసింది: ఇది తేలిక విల్లుతో అయిన గాయం కాదు.

ఉత్తరం వచ్చాక ఎవరో ఒకరు దోషి కావాలి. కోదండపాణి పిల్ల మీద ఫిర్యాదు ఇచ్చాడు.

అదీ సంగతి. ఇక గదిలోకి రండి.

విచారణ చేస్తున్నది కేంద్రం కార్యదర్శి పురుషోత్తంగారు, రిటైరైన డిప్యూటీ తహసీల్దారు. జీవితంలో ఎవరి పేరూ రాయకుండా వెయ్యి నివేదికలు రాసిన మనిషి. ఆయన కలం తీసి, జట్టు జాబితాలో ప్రవల్లిక పేరు దగ్గర పెట్టబోయారు.

అప్పుడే నాంచారమ్మ వచ్చింది, మార్కెట్ నుంచి నేరుగా, భుజాన సంచీతో. నమస్కారం పెట్టి, ఒక్కసారి విల్లు చూస్తానని అడిగింది. నారిని మొదటిసారి రెండు వేళ్ళతో కొంచెం లాగి వదిలింది. ఇరవై ఏళ్ళుగా చేప ఎత్తి చూసి బరువు చెప్పే చెయ్యి అది.

"అయ్యగారూ, పద్దెనిమిది పౌండ్లంటే ఎనిమిది కేజీలేగా, ఇది ఆ లాగుడు కాదండీ," అంది.

సంచీలోంచి కొక్కెం తక్కెడ తీసింది. రోజూ పదిమంది బేరగాళ్ళు తూకంలో మోసమని తిట్టే తక్కెడే. కార్యదర్శిగారిని నా పిడి పట్టుకోమని, కొక్కెం నారికి తగిలించి, కూతురి గడ్డం దాకా వచ్చే పొడవుకు లాగింది. ముల్లు ఎనిమిది దాటింది. పది దాటింది. పన్నెండున్నర దాటాక ఆగింది.

ప్రవల్లిక నెమ్మదిగా లెక్క చెప్పింది. "ఇరవై ఎనిమిది పౌండ్లు సార్."

నాంచారమ్మ గోటితో స్టిక్కరు అంచు లేపింది. కింద నా అసలు అంకె బయటపడింది. నలభై రోజుల తర్వాత గాలి పీల్చుకున్నాను.

కోదండపాణి అప్పుడు నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఇక్కడే పాతిపెట్టేవాళ్ళు. స్టిక్కరు నింద దాత మీదికో, కొట్టువాడి మీదికో పోయేది. కానీ తన సిద్ధాంతం నెగ్గిందని ఆయన ఉబ్బిపోయాడు.

"చూశారాండీ? నే చెప్పలా? బరువంతా బుర్రలోనే ఉంటది. పద్దెనిమిది అనుకుంది కాబట్టే నలభై రోజులు లాగింది. ఇరవై ఎనిమిదని చెప్తే ముట్టుకునేదా?"

తన నోట్లోంచి ఏం వచ్చిందో ఆయనకు ఆలస్యంగా అర్థమైంది. టీ గ్లాసు కింద పెట్టాడు.

పురుషోత్తంగారు తేరుకుని, రాయడం మొదలుపెట్టారు. రాస్తూ పైకి చదివారు కూడా. వింటి మీది గుర్తు పొరపాటున మార్చబడినట్లు తెలియవచ్చినది. ఆపైన తల్లీకూతుళ్ళ వంక చూసి, గొంతు తగ్గించి, బేరం పెట్టారు. ఫిర్యాదు వెనక్కి పోతుంది. జాబితాలో పేరు ఉంటుంది. భుజం మానితే ఈ ఏడు, లేకపోతే వచ్చే ఏడు. జట్టును ఎంపిక చేసేది కోచ్‌గారే కాబట్టి, ఎవరో మార్చారని రాసుకుంటే అందరికీ మంచిది.

నాంచారమ్మ కూతురి మొహం చూసింది. బేరం కూతురిది.

కిటికీ బయట మైదానంలో పదేళ్ళ పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. ఒక బక్కపిల్ల వంగిపోయి, పళ్ళు బిగించి, తన విల్లు లాగుతోంది. ప్రవల్లిక ఆ పిల్లనే చూసింది.

"ఎవరో అని రాస్తే, రేపు వాళ్ళ విల్లుల మీద కూడా ఎవరో ఒకరు అంటిస్తారు సార్," అంది.

"అమ్మాయ్, ఆలోచించుకో," అన్నాడు కోదండపాణి. గొంతు బతిమాలినట్టే ఉంది.

"నలభై రోజులు అదే పని చేశా సార్. తప్పు నా చేతిలోనే ఉందేమోనని."

పురుషోత్తంగారి కలం గాల్లోనే ఆగింది. కలంలోంచి ఎవరి పేరూ దింపని మనిషి, మొదటిసారి అడిగారు. "అయితే మార్చిందెవరని రాయమంటావు?"

ప్రవల్లిక ఎడమ చేత్తో నన్ను పట్టుకుని ఆయన ముందుకు జరిపింది.

"రాయండి సార్. కోదండపాణి సారు."