ఎండ కంట్లో పడింది

సూపర్‌హీరో రాగివీరుడి కొత్త సినిమా ఏటా నవంబరులో వస్తుంది. మొదటి శనివారం మధ్యాహ్నం ఆటకు ముందు మా ఊరి థియేటర్లో వేషాల పోటీ పెడతారు. జడ్జీలు ఉండరు. థియేటర్ నడిపే మార్జ్ ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెడుతుంది. ఎవరికి చప్పట్లు గట్టిగా మోగితే వాళ్లదే గెలుపు.

ఏటా గెలిచేది గ్లెన్ ష్రోడర్. ట్రాక్టర్లు అమ్ముతాడు. రాగి రంగు ముసుగు, భుజాల మీద ఎర్ర గుడ్డ, వచ్చిన పిల్లలందరికీ తన ఖర్చుతో పాప్‌కార్న్.

నా భార్య వెర్లాను చంపింది అతనే.

వెర్లా బడి ముందు పిల్లల్ని రోడ్డు దాటించేది. ఒంటి మీద నారింజ రంగు చొక్కా, చేతిలో 'ఆగు' అని రాసిన ఎర్ర పలక. గ్లెన్ ట్రక్కు గుద్దినప్పుడు ఆ పలక ఎత్తే ఉంది. వెనక ఉన్న పిల్లలకు చిన్న గీత కూడా పడలేదు. అతని చేతిలో ఫోను చూశానని ఒక తల్లి చెప్పింది. గ్లెన్ మాత్రం కోర్టులో ఒక్క మాటే పట్టుకున్నాడు: ఎండ కంట్లో పడింది, మనిషి కనబడలేదు. తీర్పు చెప్పే జ్యూరీలో కూర్చున్న పన్నెండుమందీ మా ఊరివాళ్లే. అతని మాటే నమ్మి వదిలేశారు.

ఆ పన్నెండుమందీ ఈ సినిమాలకు వస్తారు. తెర మీద దుర్మార్గుడు కూలితే గొంతు చించుకుని అరుస్తారు. అక్కడ అరవడం తేలిక. ఆ దుర్మార్గుడు గ్లెన్‌లాగా వీళ్ల పిల్లల బేస్‌బాల్ జట్టుకు చొక్కాలు కొనిపెట్టినవాడు కాదు.

ఈ ఏడు నేనూ ఒక కాగితం సంచి పట్టుకుని వెళ్లాను. పక్క సీట్లో మంగలి హోయ్ట్. పన్నెండుమందిలో ఒకడు.

"ఏంటి ఓరిన్, నువ్వు సినిమాకొచ్చావా? దారి తప్పావా ఏంటి?"

"ఇందులో మీకేం దొరుకుతుందో చూద్దామని."

"చెడ్డోడికి తగిన శాస్తి జరుగుద్దయ్యా. రెండు గంటలు కడుపు చల్లగా ఉంటది."

"రెండు గంటలు చాలా నీకు?"

హోయ్ట్ గుప్పెడు పాప్‌కార్న్ నోట్లో కుక్కుకున్నాడు.

మార్జ్ పోటీకి పిలిచింది. సంచిలోంచి నారింజ రంగు చొక్కా తీసి తొడుక్కున్నాను, ఎర్ర పలక చేతబట్టాను. వెర్లా ఆ రోజు వేసుకున్నది పోలీసులు తిరిగివ్వలేదు. ఇది ఆమె ఉతికి మడతపెట్టుకున్న రెండోది. పలక మాత్రం అదే. ఒక అంచు వంగిపోయి ఉంది.

వేదికెక్కి గ్లెన్ పక్కన నిలబడ్డాను. మార్జ్ మైకు పక్కకు తిప్పింది.

"ఇదేం వేషం, ఓరిన్?"

"వెర్లా వేషం."

"వద్దులే, పిల్లలున్నారు. వెళ్లి కూర్చో."

"ఆ పిల్లల్ని దాటించింది ఆవిడే. పోటీ అన్నావుగా, చెయ్యి పెట్టు."

"దిగవయ్యా ముసలోడా, బొమ్మ మొదలెట్టాలి!" వెనకనుంచి ఎవడో అరిచాడు. కొందరు నవ్వారు.

"ఓరిన్, అయిపోయిందేదో అయిపోయింది. ఇక్కడెందుకిప్పుడు?" అన్నాడు గ్లెన్ మెల్లగా.

"ముసుగు తీసి మాట్లాడు."

తియ్యలేదు. మార్జ్ అతని తల మీద చెయ్యి పెట్టింది.

మూడో వరసలో టెస్సా ఉంది. ఆ రోజు వెర్లా వెనక నిలబడిన పిల్ల. ఇప్పుడు పెద్దదైంది. చప్పట్లకు ఎత్తిన చేతులు తొడల కింద దాచుకుంది. పక్కవాళ్లు ఆమె వైపు చూశారు. వాళ్ల చేతులూ ఆగిపోయాయి. హోయ్ట్ రెండుసార్లు కొట్టి, హాల్లో తన చప్పుడొక్కటే వినబడేసరికి మానేశాడు.

మార్జ్ చెయ్యి నా తల మీదికి వచ్చింది. అప్పుడు మొదలయ్యాయి చప్పట్లు. నేను పలక ఎత్తాను.

"వద్దు. కోర్టులో నోరు దాచుకున్నారుగా, ఇక్కడ చేతులు దాచుకోండి."

బహుమతి, అట్టపెట్టెను వేషంగా తొడుక్కొచ్చిన ఒక చిన్నపిల్లకు పోయింది.

సినిమా చూశాను. చివర్లో దుర్మార్గుడు లోయ అంచున వేలాడుతూ క్షమించమన్నాడు. రాగివీరుడు చెయ్యి అందించి పైకి లాగాడు. నాకు నచ్చలేదు.

పేర్లు పడుతుంటే ఇక్కడ ఎవరూ లేవరు. అన్నీ అయ్యాక చిన్న ముక్క ఒకటి చూపిస్తారని కాచుకుని కూర్చుంటారు. గ్లెన్ ఆగలేదు, ముసుగు చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. నేనూ లేచాను.

బడి, థియేటర్ ఒకే వీధిలో ఉన్నాయి. వెర్లా పోయింది నవంబరులోనే, బడి వదిలే ఈ వేళకే. వీధి చివర సూర్యుడు వాలి ఉన్నాడు. బడి ముందు రోడ్డు దాటే గీతల మీద, వెర్లా నిలబడినచోటే నిలబడి పలక ఎత్తాను. గ్లెన్ ట్రక్కు ఎండకు ఎదురుగా వచ్చింది. దూరంగానే బ్రేకు వేశాడు.

అద్దం దించాడు. "తప్పుకో ఓరిన్."

"జనం దాటాలి."

"ఇక్కడ జనమెవరున్నారయ్యా?"

"వస్తారు."

వచ్చారు. కబుర్లు చెప్పుకుంటూ బయటికొచ్చినవాళ్లు మమ్మల్ని చూసి రోడ్డు అంచున ఆగిపోయారు.

"ఎండ కంట్లో పడుతోందా, గ్లెన్?"

గ్లెన్ జనం వైపు చూశాడు.

"నేను కనబడుతున్నానా, లేదా?"

"...కనబడుతున్నావు."

"గట్టిగా చెప్పు."

"కనబడుతున్నావయ్యా! ఇక తప్పుకో!"

అందరూ విన్నారు. హోయ్ట్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఓరిన్... అప్పుడు మేం..."

"దాటు, హోయ్ట్."

తల దించుకుని దాటాడు. వెనకే మిగతావాళ్లు. టెస్సా దాటుతూ నా చొక్కా అంచు ముట్టుకుంది. ఒక్కరూ ట్రక్కు వైపు చెయ్యి ఊపలేదు.

వీధి ఖాళీ అయింది. గ్లెన్ హారన్ మీద చెయ్యి పెట్టాడు, మళ్లీ తీసేశాడు. కాసేపటికి ఇంజను ఆపేశాడు.

నేను పలక దించలేదు.