మూరెడు జాగా

రంగులావిడ ఏ ఇంట్లో పనికి ఒప్పుకున్నా ముందు లప్పం పెట్టి, ఉప్పు కాగితంతో రుద్ది, గోడల మీద చేటంత మేర రెండు రంగులు వేసి చూపిస్తుంది. అవి ఆరాక టేపు పట్టి గది కొలుస్తుంది, ఎందుకంటే ఆవిడ చెయ్యి పడితే గోడ బెత్తెడు వెనక్కి జరుగుతుంది. ఆవిడకి పొగరని కొందరంటారు. అంత పనితనం ఉన్న మనిషికి ఆ మాత్రం పొగరు ఉండొద్దూ!

ఈసారి పిలిచింది ఒక బస్సు డ్రైవరు. బట్టలు కుట్టి అతన్ని పెంచి పెద్దచేసిన అక్క, కాళ్లు చచ్చుబడి చక్రాల కుర్చీకి పరిమితమైంది. ఉన్న ఒక్క గదిలో ఆ కుర్చీ పడుతుంది గానీ తిరగదు. తిరక్కపోతే అక్కని ఆశ్రమంలో చేర్చక తప్పదు.

"ఎంత కావాలి?" అంది రంగులావిడ.

"మూరెడమ్మా."

ఆవిడ ఒక గోడకి మీగడ రంగు వేసింది. ఆరాక కొలిస్తే ఎప్పటిలాగే బెత్తెడు. అక్క తలొంచుకుంది. రంగులావిడకి ప్రాణం ఉసూరుమంది.

అప్పటిదాకా డబ్బాల్లో రంగులు కలుపుతున్న ఆవిడ కూతురు, "అమ్మా, ఎదుటి గోడకి ఈ ముదురు నీలం వెయ్యనా?" అంది.

"ముదురు రంగేస్తే గది కుంచించుకుపోతుందే. ఉన్నది కూడా మింగేస్తావా?"

"దూరాన ఉన్న కొండలు నీలంగానే కదా కనబడేది."

"వెయ్యనివ్వమ్మా, రెండూ చూస్తేనేగా తెలిసేది," అంది అక్క.

కూతురు వేసింది. నీలం ఆరేకొద్దీ గోడ నెమ్మదిగా వెనక్కి నడిచింది. రంగులావిడ మూడుసార్లు కొలిచింది. మూర మీద జానెడు.

అక్క కుర్చీని ఒక చుట్టు తిప్పింది. చాలక ఇంకో చుట్టు తిప్పింది. "ఒరేయ్, నా కుట్టుమిషను తెచ్చి కిటికీ దగ్గర వెయ్యి," అని తమ్ముడికి పురమాయించింది.

డ్రైవరు చేతులు జోడించాడు. "మీ చెయ్యి మామూలు చెయ్యి కాదమ్మా."

"నాది కాదు బాబూ, మా అమ్మాయిది," అంది రంగులావిడ, వీధి గుమ్మం దాకా వినబడేట్టు. "ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా?"

ఆ గర్వం ముందు ఇన్నేళ్ల తన పేరు ఆవిడకి చిన్నదిగా తోచింది. బ్రష్షు కడిగి తుడుచుకుని కూతురి పక్కన నిలబడింది.

"చెప్పు మేస్త్రీ, మిగతా గోడలకి నన్నేం వెయ్యమంటావు?"