ఏడో నంబరు సీసా

ప్రతి శనివారం ఉదయం ఆరింటికి, అరబ్బు దేశపు అల్ ముంతజాలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఓపీ తెరవకముందే, హెడ్ నర్సు విజయరాణి స్టాఫ్ బాత్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడేది. లోపల స్టాఫ్ నర్సు శివకుమారి. తలుపు వేసుకోకూడదు. అది నిబంధన.

"జల్ది కానియ్. నీ ముఖం చూసుడుతోనే నా వారం మొదలైతున్నది," అనేది విజయరాణి.

శివకుమారి మూత్రం పట్టిన సీసా అందించేది. దాని మీద పేరుండదు, ఏడు అనే అంకె మాత్రం ఉంటుంది. తర్వాత ఎడమ చేయి చాపేది. మోచేతి మడతలో, పాత సూది గాట్లలో, ముత్యాలు పెరుగుతుండేవి. నెలకొకటి పండి రాలేది. విజయరాణి దాన్ని దూదితో తుడిచి, చిన్న సీసాలో వేసి, రిజిస్టరులో తేదీ రాసేది.

అంతకు ముందేడు, తొంభై అయిదులో, రోగులకు ఇవ్వగా మిగిలిన మార్ఫిన్‌ను పారబోయకుండా తన చేతికి ఎక్కించుకుంటూ శివకుమారి దొరికింది. పోలీసులకు అప్పగించవలసిందే. కానీ కొత్త నర్సును తెప్పించడానికి ఆరు నెలలు పట్టేది. అందుకని డాక్టర్ రామకృష్ణారావు ఒక ఒప్పందం రాయించాడు. ఏడాది పాటు వారం వారం పరీక్ష. మందుల అల్మారా తాళం ముట్టుకోకూడదు. విషయం ముగ్గురు దాటకూడదు. గడువు నిండితే ఫైలు చింపేస్తారు.

మొదటి నెలలోనే ఆమె ఒకసారి తప్పింది. అప్పుడు రాలిన ముత్యం బొగ్గులా నల్లగా ఉంది. ఏడాదిని మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టారు. ఇంకోసారి తప్పితే లైసెన్సు రద్దు, ఆ పైన ఊరికి విమానం. తర్వాత రాలిన పదకొండూ తెల్లనివే. పన్నెండోది ఇంకా చేతిలోనే ఉంది.

ఆసుపత్రిలోని తెలుగువాళ్ళు శుక్రవారం హాస్టల్లో కలిసి తినేవాళ్ళు. వంట ఆసుపత్రి ఆయా రషీదాది. ఆ వారమే ఆమె కడప నుంచి సెలవు ముగించుకుని వచ్చింది. దిండు దూదిలో దాచి గసగసాలు తెచ్చింది. మార్ఫిన్ తీసే మొక్క గింజలే కాబట్టి ఆ దేశంలో గసగసాలు మత్తుమందు కిందే లెక్క, పట్టుబడితే జైలు. కుర్మా ఎందుకంత చిక్కగా ఉందో అందరికీ తెలుసు. ఎవరూ ఆ పేరెత్తలేదు.

"ఇంకో గరిటె వెయ్యమ్మా," అన్నాడు డాక్టరు.

"తినండి సార్. మళ్లా నేను ఊరికి పొయ్యొచ్చేదాకా ఈ రుచి రాదు," అంది రషీదా.

మర్నాటి సీసా ల్యాబ్‌కు వెళ్ళింది. ఆదివారం మధ్యాహ్నానికి కాగితం వచ్చింది. మార్ఫిన్ పాజిటివ్.

డాక్టరు గదిలో ముగ్గురే ఉన్నారు. "దగ్గు మందేమైనా తాగావా?" అన్నాడు డాక్టరు.

"లేదండీ."

"మరెక్కణ్ణుంచి వచ్చింది?"

శివకుమారికి కుర్మా గుర్తొచ్చింది. నోరు తెరిచింది. బయట వరండాలో రషీదా టీ కప్పులు కడుగుతున్న చప్పుడు వినిపించింది. నోరు మూసుకుంది.

"చెప్పదు సార్. దొంగలు ఎన్నడన్న చెప్తరా?" అంది విజయరాణి. "నేను మొదటిదినమే చెప్పిన, ఇది మారే మనిషి గాదని."

"ఊరికి టికెట్ చూడమంటాను," అన్నాడు డాక్టరు. "చెయ్యి చూపించు, రిజిస్టరు మూసేద్దాం."

శివకుమారి చేయి చాపింది. పన్నెండో ముత్యం బల్ల మీద రాలి, దొర్లుకుంటూ పోయి రిజిస్టరుకు తగిలి ఆగింది.

విజయరాణి దాన్ని దూదితో తుడిచింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఎండలో తిప్పి తిప్పి చూసింది.

"తెల్లగున్నది," అంది చివరికి.

"ల్యాబ్ కాగితం ఉండగా ముత్యం సంగతెందుకు?"

"గా కాగితమన్న తప్పు కావాలె, ఏడాది సంది నేను రాసిన రిజిస్టరన్న తప్పు కావాలె. నా రిజిస్టరు తప్పు గాదు." సొరుగులోంచి రెండు ఖాళీ సీసాలు తీసింది. ఒకటి డాక్టరు ముందు పెట్టింది. "మొన్న ముగ్గురం ఒక్క గిన్నెలనే తిన్నం. నాది పంపుదాం. మీది గూడ పంపుదాం సార్."

డాక్టరు ఆ సీసా వంక చూశాడు. తర్వాత కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు.

"ల్యాబ్‌లో సీసాలు తారుమారైనట్టున్నాయి. వచ్చే శనివారం మళ్ళీ పంపండి."

వరండాలో శివకుమారి చేతులు జోడించబోయింది.

"నీ దండాలు నీ దగ్గర్నే పెట్టుకో," అంది విజయరాణి. "నిన్ను చూస్తే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతది. ఈ శుక్రవారం పెరుగన్నం తిను."

ఆ శుక్రవారం కుర్మా పల్చగా ఉంది. హాస్టల్ మేడ మీద రషీదా దిండు, ఉతికి కొత్తగా కుట్టినది, ఎండలో ఆరుతోంది. డాక్టరు ఒక్క గరిటెతో లేచాడు.

శనివారం పరీక్షలో మార్ఫిన్ కనబడలేదు. డాక్టరు ఫైలు చింపాడు. విజయరాణి పన్నెండు తెల్ల ముత్యాలున్న సీసాను శివకుమారి ముందు పెట్టి, దాని పక్కన మందుల అల్మారా తాళంచెవి విసిరింది.

"ఇంకోటి ఉండాలి కదండీ," అంది శివకుమారి.

"నల్లదా? అది నా దగ్గరుంటది," అంది విజయరాణి, జేబు తడుముకుంటూ. "ఫైలైతే చినిగింది. ఇది చినగదు. యల్లా, డ్యూటీకి పో."