వంత పాడిన పెట్టె

నేను ఒక లూప్ పెడల్‌ని. అరచేతి కంటే కాస్త పెద్దగా ఉండే ఇనుప పెట్టెను. పాడేవాళ్లు కాలితో నొక్కితే వినడం మొదలుపెడతాను. మళ్లీ నొక్కితే, విన్నదాన్ని ఆపకుండా తిరిగి వినిపిస్తాను. నాకు వచ్చిన విద్య అంతే.

ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, హైదరాబాద్‌లో గిటార్ వాయించే సాకేత్ దగ్గరికి చేరాను. నా సాయంతో అతనొక్కడే నలుగురిలా వాయించేవాడు. జనం మాత్రం పాట వదిలేసి అతని కాలి వంక చూసి చప్పట్లు కొట్టేవారు. అది అతనికి కష్టంగా ఉండేది.

ఒకసారి అతను రేపల్లెలో బుర్రకథ చెప్పే నాంచారమ్మను కలిశాడు. ఆమె పక్కన వంత పాడిన ఇద్దరు చెల్లెళ్లలో ఒకామె పోయింది, ఇంకొకామెకు గొంతు పోయింది. ఆమె కథ మానేసి రెండేళ్లయింది. సాకేత్ నన్ను ఆమె ముందు పెట్టి, "ఇక మీ వంత ఇదేనమ్మా" అని వెళ్లిపోయాడు.

గజ్జెల కాలితో నన్ను నొక్కడం అలవాటవడానికి ఆమెకు నెల పట్టింది. ఆ గజ్జెల మోత కూడా వినేసి చాలా తిట్లు తిన్నాను.

మొదటి ప్రదర్శన బడి ఆవరణలో. కరువులో కోట తలుపులు తెరిపించిన రాణి కథ. నాంచారమ్మ "తందాన తాన" అంది, నేను అందుకున్నాను. ముందు వరుసలోంచి పడవ నడిపే కోటిలింగం లేచాడు.

"ఆపమ్మాయ్! టేపు పెట్టి మమ్మల్ని ఎర్రోళ్లని చేస్తన్నావా?"

జనం గోల చేశారు. ఆమె భుజం మీది తంబురా దించబోయింది. ఇప్పుడు దిగితే మళ్లీ వేదిక ఎక్కదని నాకు అర్థమైంది.

"టేపు కాదు బాబాయ్. నువ్వే వచ్చి అను," అంది నాంచారమ్మ, తంబురా మళ్లీ సర్దుకుని.

అతను వచ్చి "తందాన తాన" అన్నాడు; మధ్యలో దగ్గాడు. ఆమె మళ్లీ నొక్కింది. దగ్గుతో సహా అతని గొంతు తిరిగొచ్చింది. అందరూ పగలబడి నవ్వారు. నాంచారమ్మ తడుముకోలేదు. "అదిగో, కోట కావలి ముసలాడు దగ్గుతున్నాడు" అంటూ కథలో కలిపేసింది. దగ్గు వచ్చిన ప్రతిసారీ కావలివాడు రాణికి ఒక్కో అడుగు దగ్గరయ్యాడు. చివరికి జనం ఆ దగ్గు కోసం ఊపిరి బిగబట్టి ఎదురుచూశారు.

వారం తర్వాత పక్క ఊళ్లో కోటిలింగం గుమ్మెట వాద్యం పట్టుకుని ఆమె కుడిపక్కన నిలబడ్డాడు. ఎడమ వంత నాదే. కథ నడుమ అతను హఠాత్తుగా అడిగాడు.

"ఆగమ్మాయ్, ఆ రాణికి భయం ఎయ్యలేదా?"

ఆమె అతని వైపు తిరిగింది. ముఖమంతా నవ్వుతో, "ఎయ్యకేం బాబాయ్! కాళ్లు వణికినయ్. అయినా తలుపులు తీయించింది" అంది.

నేను ఎన్నాళ్లు వంత పాడినా, ఆమె మాటనే ఆమెకు తిరిగిచ్చాను. ఒక్క ప్రశ్నా అడగలేకపోయాను.